కోడిపుంగి

మా ఇంటికి మొదటిసారి వచ్చినవాళ్ళెవరైనా సరే, హాల్లో అడుగుపెట్టగానే ఆ గాజుతొట్టి దగ్గరికి వెళతారు. "అబ్బ, ఎంత బావుందండీ!" అంటారు. అని వూరుకోరు, గాజుమీద వేలితో టకటక కొడతారు. అప్పుడు మా అమ్మ వంటింట్లోంచి, "అది విషం నాయనా, వేలు తియ్యి" అంటుంది. వాళ్ళు వేలు తీసి, ఒక అడుగు వెనక్కి వేసి, నా ముఖంకేసి చూస్తారు. ఎం.ఏ. తెలుగు చదివి, ఇరవై ఏళ్ళుగా కాలేజీలో పద్యాలు చెప్పుకునే పెద్దమనిషి ఇంట్లో విషాన్ని పెట్టుకుని కూచోవడమేమిటని వాళ్ళ సందేహం. ఆ సందేహం నాకూ వుండేది.

అసలీ వ్యవహారం నాది కాదు, మా వాడిది. 2020లో బళ్ళన్నీ మూతపడ్డప్పుడు వాడు ఎనిమిదో తరగతి. ఊళ్ళో పిల్లలందరూ ఫోనులో ఆటలాడుతూంటే మావాడు ఫోనులో చేపల్ని చూస్తూ కూచునేవాడు. పోనీలే, ఆటలకన్న చేపలు నయం అనుకున్నాం. ఏడాది తిరిగేసరికి, "నాన్నా, ఉప్పునీళ్ళ తొట్టి పెడదాం" అన్నాడు.

"తొట్టి పెట్టుకో. కాని ఉప్పునీళ్ళెందుకురా? బజార్లో బంగారుచేపలు దొరుకుతాయి కదా" అన్నాను.

"విశాఖపట్నంలో వుండి బంగారుచేపలేమిటి నాన్నా?" అన్నాడు.

ఈ ప్రశ్నకి నా దగ్గర సమాధానం లేకపోయింది. మా డాబా ఎక్కితే సముద్రం కనిపిస్తుంది. నేను పుట్టిందీ పెరిగిందీ ఈ ఊళ్ళోనే. నలభై ఏళ్ళుగా సముద్రాన్ని చూస్తున్నాను. అందులో ఏముందో మాత్రం నాకు తెలియదు. సముద్రానికి పర్యాయపదాలడిగితే పాతిక చెబుతాను.

సరే, తొట్టి వచ్చింది. నాలుగడుగుల పొడుగు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర లోతు. నిండా పోస్తే రెండువందల యాభై లీటర్లు పట్టింది. నా దగ్గర బి.ఏ. చదివిన జాలరి కుర్రాడొకడున్నాడు. ఇప్పుడు వాళ్ళ నాన్నతో బోటు మీద వెళుతున్నాడు. వాడు తీరానికి దూరంగా, మురుగు కలవనిచోట, డబ్బాలతో నీళ్ళు పట్టి తెచ్చిపెట్టాడు. పంపు, వడపోత, వేడి చూసే గొట్టం, ఉప్పు చూసే పరికరం అన్నీ అమిరాయి. 2014లో హుద్‌హుద్ తుపాను తరవాత కొన్న ఇన్వర్టరు వుండనే వుంది. నేను సంతోషించి, "మరి చేప ఎప్పుడు?" అన్నాను.

"ఆరు వారాల తరవాత" అన్నాడు మావాడు.

ఆరు వారాలపాటు మేము ఆ తొట్టిలో నీళ్ళని పెంచాం. ఇది హాస్యానికి అనడం లేదు. చేప వదిలే మలినం నీళ్ళలో అమ్మోనియా అవుతుందట. అది విషం. ఒక జాతి సూక్ష్మజీవులు దాన్ని తిని నైట్రైటుగా మారుస్తాయి. అదీ విషమే. ఇంకొక జాతి ఆ నైట్రైటుని నైట్రేటుగా మారుస్తాయి. దాన్ని చేప కొంతవరకు ఓర్చుకుంటుంది. వారం వారం కాసిన్ని నీళ్ళు తీసి కొత్తవి పోస్తే సరిపోతుంది. ఈ రెండు జాతులూ తొట్టిలో కాపరం పెట్టేవరకు చేపని వెయ్యకూడదు. అవి రావాలంటే వాటికి తిండి వుండాలి కనక, ఒక పచ్చిరొయ్యని గుడ్డలో కట్టి నీళ్ళలో వేలాడదీసి, కుళ్ళబెట్టాలి.

మా ఇంట్లో నీచు వండరు. నా తల్లి డెబ్భై మూడేళ్ళ వయస్సులో, తన హాల్లో, తన కళ్ళెదుట రొయ్య కుళ్ళడం చూసింది. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మనవడితో మాత్రం మాట్లాడుతూనే వుంది. తప్పు వాడిది, శిక్ష నాది.

ఇరుగుపొరుగువాళ్ళు వచ్చి ఖాళీ తొట్టిని చూసి, "చేపలు చచ్చిపోయాయాండీ?" అని పరామర్శించి వెళ్ళేవారు. రాళ్ళైనా లేవేమండీ అనేవారు. సినిమాల్లో చూపించే పగడపు రాళ్ళు పెడితే బాగానే వుండును. కాని 2001 నుంచి మన దేశంలో పగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టంలో పులి పక్కన చేరాయి. వాటిని ఇంట్లో పెట్టుకోవడం నేరం. అందుకని మావాడు కుమ్మరివీధికి వెళ్ళి పగిలిన కుండలు ఏరుకొచ్చి గుహల్లాగ పేర్చాడు. కుండపెంకులు చూసి మా అమ్మ మూడోరోజు కూడా మాట్లాడ్డం మానేసింది.

2021 డిసెంబరులో ఒకనాటి తెల్లవారుజామున మా జాలరి శిష్యుడు తలుపు తట్టాడు. చేతిలో మూతపెట్టిన ప్లాస్టిక్కు బకెట్టు.

"మాస్టారూ, వలలో పడ్డాయి. పారేద్దామని మా అయ్య అన్నాడు. తమ్ముడు అడిగాడు కదా అని తెచ్చాను. సెయ్యి మాత్రం ఎట్టకండి. ముల్లు దిగితే ఆ పూట సముద్రం మీదికి ఎల్లలేం" అన్నాడు.

లోపల మూడు పిల్లలున్నాయి. ఒక్కొక్కటి అంగుళంన్నర వుంటుందేమో. ఒళ్ళంతా ఎరుపూ తెలుపూ చారలు. రెండు పక్కలా విసనకర్రల్లాంటి రెక్కలు, వీపున ఈకల వరస, కళ్ళమీద రెండు చిన్న కొమ్ములు. నీళ్ళలో ఈదుతున్నట్టు లేదు, నిలబడి వున్నట్టుంది. ఇంత చిన్న ప్రాణికి ఇంత వేషమేమిటా అనిపించింది. యక్షగానంలో రాజు పాత్రధారి తెర తీయకముందే నిలబడి వుంటాడు చూడండి, అల్లాగ.

ఇంగ్లీషువాళ్ళు దీన్ని సింహపు చేప అన్నారు. ఆ రెక్కల్లో వాళ్ళకి జూలు కనబడింది. వీపున పదమూడు, పొట్టకింద రెండు, తోకవైపు అడుగున మూడు, మొత్తం పద్ధెనిమిది ముళ్ళు. ప్రతి ముల్లుకీ విషం. రెక్కల్లో మాత్రం విషం లేదు, అవి వల. చిన్న చేప ఎదురైతే ఆ రెక్కలు రెండూ చాచి, తొందరపడకుండా, మూలకి తోసుకుంటూ వెళుతుంది. ఇంకా వెళ్ళడానికి చోటులేనప్పుడు నోరు తెరుస్తుంది. తెరవడం మీరు చూడలేరు. చిన్న చేప లేకపోవడం మాత్రం చూస్తారు.

మొదటి పదిరోజుల్లో రెండు పిల్లలు చచ్చిపోయాయి. రోగం కాదు, ఆకలి. పిల్లప్రాయంలో వీటికి కదిలేది తప్ప తిండి కాదు. చచ్చిన రొయ్యముక్క ఎదురుగా పడితే, రాయిని చూసినట్టు చూసి వూరుకుంటాయి. తిండి మధ్య కూచుని పస్తుతో చస్తాయి. మావాడు చెరువుగట్ల వెంట తిరిగి గాజురంగు చిన్నరొయ్యలు బతికున్నవి తెచ్చి వేశాడు. మూడోది వాటిని తిన్నది. నెలరోజుల తరవాత సన్నని పుల్ల చివర చచ్చిన రొయ్యముక్క గుచ్చి, దాని ముఖం ముందు వణికించడం మొదలుపెట్టాడు. బతికున్నట్టు వణకాలి. మరీ వణికితే భయపడి కుండలో దూరుతుంది. తక్కువగా వణికితే నమ్మదు. రోజూ సాయంత్రం అరగంట, ఇరవై రెండు రోజులు. ఇరవై మూడోనాడు అది పుల్లమీది ముక్క అందుకుంది. ఆ రోజు మావాడు అన్నం రెండుసార్లు వడ్డించుకున్నాడు.

దాని ఊరూ పేరూ కనుక్కున్నది కూడా వాడే. ఈ జాతుల్లో ప్రసిద్ధమైనవాటికి తోకమీదా వెనక రెక్కలమీదా చుక్కలుంటాయట. మా దానికి లేవు. అందుచేత ఇది టెరోయిస్ రస్సెలీ అని తేల్చాడు. రస్సెలీ ఎవరురా అంటే, ప్యాట్రిక్ రస్సెల్ అనే దొర అన్నాడు. ఆ పేరు వినగానే నేను లేచి కూచున్నాను. రక్తపింజరకి ఇంగ్లీషులో పేరిచ్చిన రస్సెలు కాడూ!

ఆయనేనట. ఆయన వైద్యుడు. అన్నగారో తమ్ముడుగారో కుంపినీ తరపున విశాఖపట్నాన్ని ఏలడానికి వస్తూంటే వెంట వచ్చాడు. 1785లో కుంపినీకి ప్రకృతి శాస్త్రజ్ఞుడయ్యాడు, 1789లో వెళ్ళిపోయాడు. ఈ ఊళ్ళో పట్టిన రెండువందల చేపలకి బొమ్మలు వేయించి, వర్ణనలు రాసి, 1803లో లండనులో రెండు సంపుటాలుగా అచ్చువేయించాడు. పాఠకులు గమనించవలసినదేమిటంటే, ఆయన ఆ చేపలకి లాటిను పేర్లు పెట్టుకుంటూ కూచోలేదు. మన జాలర్లని అడిగి, వాళ్ళు చెప్పిన తెలుగు పేర్లే, తన చెవికి వినబడినట్టు, ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నాడు. మా తొట్టిలోని చేప బొమ్మకింద ఆయన రాసిన పేరు: కోడిపుంగి.

1852లో బ్లీకర్ అనే డచ్చి శాస్త్రజ్ఞుడు ఆ మాటనే తీసుకుని ఈ చేపకి టెరోయిస్ కోడిపుంగి అని పేరుపెట్టాడు. అయితే 1831లోనే బెన్నెట్ అనే ఆయన రస్సెల్ గౌరవార్థం పేరు పెట్టేశాడు కనక, ముందుది నిలిచింది, మనది పోయింది. శాస్త్రంలో ఆనవాయితీ అది. ఇరవై ఏళ్ళు ఆలస్యంగా వచ్చి మనం ఒక చేపని పోగొట్టుకున్నాం. నాకు ఆ రాత్రి నిద్రపట్టలేదు. సింహమత్స్యమనీ, కేసరిమీనమనీ అంతకు ముందు వారంరోజులుగా సమాసాలు కల్పిస్తున్నవాణ్ణి సిగ్గుపడి ఆ కాగితం చింపేశాను. రెండువందల ఏళ్ళ కిందట, అక్షరమ్ముక్క రాని జాలరి ఎవడో వలలోంచి దాన్ని తీసి చూసి కోడి అన్నాడు. ఇంగ్లీషులో దీనికి సింహంతోబాటు టర్కీకోడి పేరు కూడా వుందని తరవాత తెలిసింది. ఆ రెక్కలు చూసినవాడికి సింహంకన్న కోడే ముందు తోస్తుంది మరి. 'పుంగి' మటుకు మన 'పుంజే' అయివుంటుందని నా అనుమానం.

ఇంతవరకు సుఖంగానే వుంది.

2022 జూన్‌లో మావాడు పదో తరగతి ప్యాసయ్యాడు. బైపీసీ తీసుకుని ఈ ఊళ్ళోనే చదువుతానన్నాడు. నేను వొద్దన్నాను. నా తోటి లెక్చరర్ల పిల్లలందరూ లెక్కలు తీసుకుని, హాస్టలుంటే కాలేజీల్లో చేరారు. తెలుగు చదివి నేనేం బావుకున్నాను, చేపలు చదివి వీడేం బావుకుంటాడు అనుకున్నాను. అనుకోవడమే కాదు, పైకి కూడా అన్నాను. మావాడు ఎదురు చెప్పే రకం కాదు. ఎదురు చెప్పి వుంటే నేను తగ్గేవాణ్ణేమో. రైలుకి ఆరుగంటల దూరంలో, పెద్దపేరున్న కాలేజీలో, ఏడాది ఫీజు ముందే కట్టి చేర్చి వచ్చాను.

వెళ్ళే ముందు వాడు నాలుగు పేజీలు రాసి తొట్టి వెనక గోడకి అంటించాడు. రోజు విడిచి రోజు తిండి. వారానికోసారి ఇరవై అయిదు లీటర్లు మార్చడం. ఉప్పు సాంద్రత 1.023 నుంచి 1.025 మధ్య. నీళ్ళ వేడి ఇరవై అయిదు, ఇరవై ఆరు డిగ్రీలు. గాజు తుడిచేటప్పుడు చేప ఎక్కడుందో చూసుకుని చెయ్యి పెట్టాలి. ఈ వాక్యం కింద రెండు గీతలు. వాడు రాసిన వ్యాసాలన్నిటికీ పదికి ఆరు వేసేవాణ్ణి నేను. ఇది తీరికగా చదివి వుంటే పదికి పదీ వెయ్యవలసి వచ్చేది.

తీరికగా చదవలేదు. నీళ్ళు ఆవిరై తగ్గుతూంటే సముద్రపు నీళ్ళే తెచ్చి పోశాను. రెండు వారాలకి పరికరం 1.030 చూపించింది. రెండో పేజీలో వుంది: 'ఆవిరయ్యేది నీళ్ళే, ఉప్పు కాదు. తగ్గినచోట మంచినీళ్ళే పొయ్యాలి.' ఇది ఆరో తరగతి పాఠం.

హాస్టలువాళ్ళు ఆదివారం పది నిమిషాలు ఫోను ఇచ్చేవారు. ఆ పది నిమిషాల్లో తొమ్మిది నిమిషాలు చేప. తిన్నదా, ఎన్ని ముక్కలు తిన్నది, పగలు కుండలోనే వుంటోందా, పొద్దుగూకితే బయటికొస్తోందా, నైట్రేటు ఎంత? ఆఖరి నిమిషంలో మా ఆవిడ ఫోను లాక్కుని, "నువ్వు తింటున్నావా నాన్నా?" అనేది. "బాగానే తింటున్నానమ్మా" అనేవాడు. గంట మోగేది.

నేనూ క్రమంగా ఆ తొట్టికి అలవాటుపడ్డాను. మధ్యాహ్నం చివరి పీరియడులో ప్రవరుణ్ణి హిమాలయాలకి చేర్చి, కాలి పసరు కరిగేదాకా వచ్చి, గడియారం చూసుకుని, మిగతాది రేపు అనేవాణ్ణి. ఆ బ్రాహ్మడు ఒక రాత్రంతా మంచులో వుండిపోయేవాడు. నేను ఇంటికొచ్చి పుల్ల పట్టుకునేవాణ్ణి. రొయ్యలు దాచడానికి పాత ఫ్రిజ్జొకటి కొని వరండాలో పెట్టాం. దాని తలుపుమీద మా అమ్మ చేత్తో పసుపుబొట్టు లేని ఏకైక వస్తువు మా ఇంట్లో అదే. తోడుగా వుంటుందని మూడువందలు పోసి నీలంరంగు చేపపిల్లని కొని వేస్తే, మర్నాటి పొద్దున కనిపించలేదు. కుండలన్నీ వెతికాం. తరవాత కోడిపుంగి పొట్టకేసి చూశాం. నాలుగో పేజీలో అదీ వుంది.

ఆగస్టులో ఒక ఆదివారం గాజు తుడుస్తున్నాను. చేప కుడిమూల కుండలో వుందని చూసుకునే చెయ్యి పెట్టాను. రేడియోలో ఏదో మంచి పాట వస్తోంది. చెయ్యి ఎడమమూలకి వెళ్ళింది. చేప కూడా వెళ్ళిందని నాకు తెలియలేదు. అది మీదపడి కరిచే ప్రాణి కాదు. తల కాస్త వంచి, వీపు ముళ్ళు నావైపు తిప్పి, వున్నచోటనే వుంది. నా చెయ్యే వెళ్ళి దానిమీద పడింది.

తేలు కుట్టడం చిన్నప్పుడు ఎరుగుదును. ఇది తేలు కాదు. మొదట సూది గుచ్చినట్టయింది. ఇంతేనా అనుకున్నాను. రెండు నిమిషాలకి చూపుడువేలు పొయ్యిలో పెట్టినట్టయింది. పావుగంటకి మోచేతిదాకా పాకింది. ఒళ్ళంతా చెమట, కడుపులో తిప్పడం. మా ఆవిడ ఆ రోజు పుట్టింటికి వెళ్ళింది. నేను కుర్చీలో కూలబడి, ఏం చెయ్యాలో తోచక, "అమ్మా" అన్నాను. నలభై ఆరేళ్ళవాణ్ణి.

మా అమ్మ వచ్చి, వేలు చూసి, సరాసరి తొట్టి వెనక్కి వెళ్ళి కళ్ళజోడు పెట్టుకుని కాగితాలు చదివింది. నాలుగో పేజీ అడుగున వుందట: 'కుట్టితే వేడినీళ్ళు. నలభై అయిదు డిగ్రీలు. ఓర్చుకోగలిగినంత వేడి, కాలకూడదు. అరగంట నుంచి గంటన్నర. తరవాత డాక్టరు.' ఆ విషం మాంసకృత్తి, వేడికి విరిగిపోతుంది. మా అమ్మకి మాంసకృత్తి తెలియదు. మనవడు రాశాడు కనక చేసింది. ముందు తన మోచెయ్యి ముంచి చూసుకుని, చంటిపిల్లాడికి నీళ్ళు పోసేటప్పటిలాగ, తరవాత నా చెయ్యి ముంచింది. పది నిమిషాలకి నొప్పి ఒక మెట్టు దిగింది. నీళ్ళు చల్లారినప్పుడల్లా మళ్ళీ ఎక్కేది, ఆవిడ మళ్ళీ వేడినీళ్ళు పోసేది. సాయంత్రం డాక్టరుగారు వేలు శుభ్రంచేసి, ముల్లు ముక్క లోపల లేదని చూసి, ధనుర్వాతానికి సూది వేసి, ప్రాణభయం చాలా అరుదండీ, అయినా మీకిదేం సరదా అన్నారు. వారంరోజులు సుద్దముక్క పట్టుకోలేకపోయాను.

"పిల్లాడికి చెప్పకు. బెంగెట్టుకుంటాడు" అంది మా అమ్మ.

ఆ మర్నాటినుంచి చేప తిండి మానేసింది.

నా చెయ్యి బాగాలేదు కనక పుల్ల మా ఆవిడ పట్టుకుంది. చేప ముఖం తిప్పుకుంది. రెండోసారీ అంతే. ఆరు రోజులు, ఎనిమిది రోజులు. ఒంటిమీద తెల్లగా మసక కమ్మింది. రంగు వెలిసిపోయింది. కుండలో తలకిందులుగా అంటుకుని, కదిలేది కాదు. ఆదివారం ఫోను వచ్చింది. "తింటోందా నాన్నా?" అన్నాడు.

"బాగా తింటోందిరా. మూడు ముక్కలు" అన్నాను.

"సరే" అన్నాడు. "నువ్వు?" అన్నాను. "నేనూ బాగా తింటున్నాను" అన్నాడు.

పదమూడోనాడు కాలేజీనుంచి వచ్చేసరికి మా అమ్మ తొట్టిముందు ఎత్తుపీట వేసుకుని కూచుని వుంది. కుడిచేతిలో పుల్ల. పుల్ల చివర రొయ్య. జన్మలో నీచు ముట్టని మనిషి. నన్ను చూసి, "నీకు చెయ్యి బాగాలేదు, దానికి చెయ్యి తిరగలేదు. ఏం చెయ్యను?" అంది. చేప తినలేదు. ఆవిడ పుల్ల కడిగిపెట్టి, తలంటుపోసుకుని వచ్చి, మర్నాడు మళ్ళీ కూచుంది.

పదహారోనాటి రాత్రి చేప కుండలోంచి బయటికి వచ్చింది. ఒకచోట నిలబడి ఒళ్ళు విదిలించుకుంది. ఒంటిమీది మసక పొరలు పొరలుగా లేచి నీళ్ళలోకి పోయింది. లోపల ఎరుపూ తెలుపూ కొత్తబట్టల్లాగ. మా అమ్మ, "కుబుసం!" అంది. పాములా పూర్తితొడుగు కాదు గాని, ఈ జాతి చేపలు ఒంటిమీది పలుచని పొరని అప్పుడప్పుడూ విడుస్తాయట. పట్టుకున్న పాచీ క్రిమీ దానితో పోతాయి. ఆ ముందురోజుల్లో తిండి తగ్గిపోవడం వుందట. మూడో పేజీ. ఎర్రసిరాతో.

ఆ రాత్రి రెండు ముక్కలు తిన్నది. ఆదివారం ఎప్పుడొస్తుందా, వాడికి ఈ కథంతా ఎప్పుడు చెబుదామా అని నాకు ఒకటే ఆత్రం. ఆదివారం వచ్చింది. ఫోను వచ్చింది. "ఎలా వున్నారు నాన్నా?" అన్నాడు. బాగున్నామన్నాను. వానలు పడుతున్నాయా అన్నాడు. పడుతున్నాయన్నాను. నానమ్మ బాగుందా అన్నాడు. చేప సంగతి ఇప్పుడడుగుతాడు, ఇప్పుడడుగుతాడు అని ఎదురుచూస్తున్నాను. అడగలేదు. నాలుగు నిమిషాలకే, "ఇంక వుంటాను" అన్నాడు.

మా ఆవిడ ఫోను కిందపెట్టి నాకేసి చూసింది. మేమేమీ మాట్లాడుకోలేదు. రాత్రి రైలుకే బయలుదేరాం.

హాస్టలు సందర్శకుల గదిలో వాణ్ణి తీసుకొచ్చి కూచోబెట్టారు. మూడు నెలల్లో చొక్కా రెండు సైజులు పెద్దదైపోయింది. వాళ్ళమ్మ తెచ్చిన సున్నివుండలు విప్పితే, "తరవాత తింటానమ్మా" అని పక్కన పెట్టాడు. చదువు బాగానే వుందన్నాడు. అడిగినవాటికి సమాధానం చెప్పి, కిటికీకేసి చూస్తున్నాడు. ఏం మాట్లాడాలో నాకు తోచలేదు. క్లాసులో నూరుమంది ఎదుట గంటసేపు మాట్లాడతాను.

ఆఖరికి, "ఒరేయ్, నేను అబద్ధం చెప్పాను. అది పదహారు రోజులు తినలేదు" అన్నాను.

వాడు ఇటు తిరిగాడు. "ఒంటిమీద తెల్లగా వచ్చిందా?"

"వచ్చింది. చచ్చిపోతుందనుకున్నాం."

"కుబుసం నాన్నా. మూడో పేజీలో రాశాను కదా" అన్నాడు. నా వేలు చూశాడు. చర్మం ఇంకా నల్లగానే వుంది. "చెయ్యి పెట్టారా?" అన్నాడు. పెట్టానన్నాను. "మరి నాకు చెప్పలేదేం?" అన్నాడు.

"నువ్వు బెంగెట్టుకుంటావని."

వాడు కాసేపు వూరుకున్నాడు. "నేనూ అందుకే చెప్పలేదు" అన్నాడు. అని, ఒళ్ళో వున్న చేతుల్ని చూసుకుంటూ ఏడవడం మొదలుపెట్టాడు. నెలరోజులుగా మెతుకు లోపలికి పోవడం లేదట. రాత్రి రెండింటికి నిద్రలేచి మేడమీదికి వెళ్ళి నిలబడుతున్నాడట. ఎందుకురా అని వాళ్ళమ్మ అడిగింది. ఊరికే అన్నాడు.

నేను లేచి ఆఫీసుగదికి వెళ్ళాను. ఏడాది మధ్యలో తీసుకుపోతే ఫీజు వాపసు వుండదన్నారు. వొద్దన్నాను. సర్టిఫికెట్లకి పదిరోజులు పడుతుందన్నారు. మళ్ళీ వస్తానన్నాను. పిల్లవాడు తెలివైనవాడు, రెండు నెలలు ఓపికపడితే దారిలో పడతాడన్నారు. పెట్టె సర్దించమన్నాను. నా జన్మలో ఒక ఆఫీసులో ఇంత పొడిగా మాట్లాడటం అదే. రైల్లో, తుని దాటాక, వాడు సున్నివుండ ఒకటి తీసి కొరికాడు. మా ఆవిడ కిటికీవైపు తిరిగి కూచుంది.

ఊళ్ళో కాలేజీలో బైపీసీలో చేర్చాం. కొన్ని నెలలు మాకు తెలిసిన డాక్టరొకావిడ దగ్గరికి వారం వారం తీసుకెళ్ళాను. వెనక్కి చూసుకుంటే, ఆ ఆదివారం నాలుగు నిమిషాల ఫోను తరవాత, ఎండలు తగ్గాక వెళదాంలే, పరీక్షలయ్యాక వెళదాంలే అని నేను అనివుంటే అన్నది ఇప్పటికీ నాకు అర్ధరాత్రి మెలకువ తెప్పించే ఆలోచన.

చేప ఇప్పుడు జానెడైంది. రస్సెల్‌గారి జాతి అడుగుదాకా పెరుగుతుందట, పదేళ్ళపైన బతుకుతుందట. తొట్టి చాలడం లేదు. మొన్న మా ఆవిడ, "పాపం, సముద్రంలో వదిలేస్తే పుణ్యం వస్తుంది కదరా" అంది. మావాడు కూడదన్నాడు. తొట్టిలో వున్నదానికి ఏ తెగులు అంటుకుని వుంటుందో, అది సముద్రంలో చేపలకి అంటించడం పుణ్యమెల్లా అవుతుందన్నాడు. పైగా అమెరికా కథ చెప్పాడు. 1985లో ఫ్లారిడా తీరంలో దీని జాతివి మొట్టమొదట కనబడ్డాయి. అవి ఆ సముద్రానివి కావు. ముచ్చటపడి ఇళ్ళల్లో పెంచుకున్నవాళ్ళు విసుగుపుట్టి వదిలినవని అక్కడివాళ్ళ లెక్క. ఆడచేప ఏడాదికి ఇరవై లక్షల గుడ్లు పెడుతుంది. అక్కడి పెద్దచేపలకి దీన్ని తినే అలవాటు లేదు, చిన్నచేపలకి దీన్ని చూసి పారిపోవాలని తెలియదు. ఇప్పుడు కరీబియను సముద్రమంతా అదే. ఈటెలతో పొడిచి, ముళ్ళు కత్తిరించి, హోటళ్ళలో వండుకుని తింటున్నారట.

"వండుకుంటారా!" అంది మా అమ్మ, తొట్టికేసి చూసి. తరవాత, "ఆరడుగుల తొట్టి ఎంతవుతుంది?" అంది.

దాన్ని గురించి బేరాలు జరుగుతున్నాయి. నా స్కూటరు పోయేలా వుంది.

తొట్టికింద మావాడు చక్కని అక్షరాలతో పేరు రాసి అంటించాడు: 'కోడిపుంగి.' అది తప్పురా, దొరకి చెవి సరిగ్గా వినబడలేదు, 'కోడిపుంజు' అని రాయి అని నేను. 1803 పుస్తకంలో అలాగే వుంది, దిద్దడానికి మనమెవరం అని వాడు. ఈ తగవు ఆరు నెలలుగా సాగుతోంది. పోయినవారం మా జాలరి శిష్యుడు వాళ్ళ తాతని వెంటబెట్టుకొచ్చాడు. ఎనభై ఏళ్ళ మనిషి. సరే, ఆయన్నే అడుగుదామన్నాను. ఆయన తొట్టి ముందు గొంతుకూచుని చాలాసేపు చూశాడు. చేప కూడా రెక్కలు చాచి ఆయన్ని చూసింది.

"తాతా, దీని పేరు కోడిపుంజే కదా?" అన్నాను.

"పుంజని ఎవులన్నారు బాబూ?" అన్నాడాయన. "ఎంత ఒద్దిగ్గా కూకుందో సూడండి. ఇది పెట్ట."